నడిరోడ్డుపై కారులో కరెంటు పోతే.. లోపం ఎక్కడ?

బ్యాటరీ మార్చడమొక్కటే మార్గం కాదు
వదులైన టెర్మినల్‌ మొదలు కాలిన ఫ్యూజు దాకా కారణాలెన్నో
లారీ బ్యాటరీతో స్టార్ట్‌ చేయిస్తే అసలుకే ముప్పు

కోదాడ: అర్ధరాత్రి వేళ జాతీయ రహదారిపై వేగంగా సాగుతున్న కారులో ఒక్కసారిగా దీపాలన్నీ ఆరిపోతాయి. మీటర్ల ముళ్లు కిందికి పడిపోతాయి. ఇంజిన్‌ ఆగిపోతుంది. స్టీరింగ్‌ బండలా బిగుసుకుంటుంది. అద్దాలు దిగవు, హారన్‌ మోగదు. ప్రమాద సూచికగా వెలగాల్సిన నాలుగు దీపాలు సైతం వెలగవు. ముందు ఒక వాహనం నిలిచి ఉందన్న సంగతి వెనుక వస్తున్న లారీ డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. టైరు పంక్చరైనా, ఇంజిన్‌ వేడెక్కినా కనీసం దీపాలైనా వెలుగుతాయి. విద్యుత్తు పోయిన కారుకు ఆ ఆసరా కూడా ఉండదు.

హైదరాబాద్‌-విజయవాడ మధ్య 65వ నంబరు జాతీయ రహదారిపై సంక్రాంతి, దసరా రోజుల్లో కార్ల బారులు ఎంతటివో పంతంగి, కొర్లపహాడ్‌, చిల్లకల్లు టోల్‌గేట్ల వద్ద నిలబడిన వారికి తెలుసు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి ముందే ఉండి, పండుగ నాడు ఒక్కసారిగా మూడు వందల కిలోమీటర్ల ప్రయాణానికి బయలుదేరే కార్లు వాటిలో ఎన్నో ఉంటాయి. దారిలో ఇలా ఆగిపోతే దగ్గరలోని ఊరి నుంచి మెకానిక్‌ను పిలిపించడం, బ్యాటరీ పోయిందని ఆయన తేల్చడం, వేల రూపాయలు పోసి కొత్తది వేయించుకోవడం మామూలే. అదే కారు మరో యాభై కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగితే అప్పుడు గానీ అసలు లోపం మరోచోట ఉందన్న అనుమానం రాదు. పది నంబరు పానాతో ఒక్క నట్టు బిగిస్తే సరిపోయే పనికి కొత్త బ్యాటరీ కొన్నవారు తక్కువేమీ కాదు.

ఇద్దరు దాతలు.. ఒకే దారి
కారులో విద్యుత్తుకు మూలాలు రెండు. ఇంజిన్‌ ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ, తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్‌. పాత మెకానిక్‌లు దీన్ని నేటికీ డైనమో అనే వ్యవహరిస్తుంటారు. సీసం పలకలు, గంధకామ్లంతో పనిచేసే బ్యాటరీని ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్‌ ప్లాంటె 1859లోనే రూపొందించారు. నేటి కార్లలోనూ ఎక్కువగా ఉన్నది ఆ సూత్రంపై నడిచేదే. ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్‌ మోటారుకు కావలసిన భారీ విద్యుత్తును కొన్ని సెకన్ల పాటు ఇవ్వడం దీని ముఖ్యమైన పని. ఆ తర్వాత దీపాలు, ఇంధన పంపు, ఏసీ ఫ్యాను, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌ వగైరాలన్నిటి భారాన్ని ఆల్టర్నేటర్‌ మోస్తూ, బ్యాటరీ కోల్పోయిన శక్తిని తిరిగి నింపుతుంది.

ఈ రెండింటి నుంచి వచ్చే విద్యుత్తు మందపాటి తీగల గుండా, ప్రధాన ఫ్యూజు దాటుకుని, కారు మొత్తానికీ చేరుతుంది. తిరుగు ప్రయాణానికి ప్రత్యేకంగా తీగలుండవు. కారు ఇనుప శరీరమే ఆ పని చేస్తుంది. బ్యాటరీ రుణ ధ్రువం నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు బిగించిన అల్లిక తీగలే ఎర్త్‌. ఒక దీపం వెలగకపోతే ఆ దీపానికి సంబంధించిన తీగలోనో, ఫ్యూజులోనో లోపం ఉన్నట్టు. అన్నీ ఒకేసారి ఆరిపోతే మాత్రం అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే వెతకాలి. అంటే బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్త్‌, ప్రధాన ఫ్యూజు, తాళంచెవి స్విచ్‌. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

ముందు కారును పక్కకు చేర్చాలి
కదులుతున్న కారులో కరెంటు పోతే తొలుత చేయవలసింది లోపాన్ని వెతకడం కాదు. కారుకు ఇంకా వేగం ఉండగానే ఎడమ వైపు అంచుకు చేర్చాలి. స్టీరింగ్‌ బరువెక్కినా తిరుగుతుంది, బలం కాస్త ఎక్కువ కావాలంతే. అయితే తాళంచెవిని పూర్తిగా వెనక్కి తిప్పి బయటకు లాగరాదు. అలా చేస్తే స్టీరింగ్‌కు తాళం పడుతుంది. బ్రేకుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంజిన్‌ ఆగిన తర్వాత ఒకటి రెండుసార్లు తొక్కేందుకే బూస్టరు సాయం మిగిలి ఉంటుంది. పెడల్‌ను పదే పదే తొక్కి వదిలితే అదీ అయిపోతుంది. ఒకే ఒత్తుతో, నిలకడగా తొక్కి ఆపాలి. బూస్టరు సాయం పోయినా బ్రేకులు పనిచేస్తాయి, కాలి బలమంతా పెట్టవలసి వస్తుంది.

ఆగిన తర్వాత ప్రయాణికులను ఎడమ తలుపు నుంచి దించి రెయిలింగ్‌ అవతలికి పంపాలి. సెంట్రల్‌ లాక్‌ పనిచేయకపోయినా ముందు తలుపులు లోపలి పిడితో తెరుచుకుంటాయి. వెనుక తలుపులకు పిల్లల లాక్‌ వేసి ఉంటే బయటి నుంచి తీయాలి. ఎర్రటి త్రికోణపు సూచికను కారుకు బాగా వెనుకగా నిలపాలి. అది లేనివారు సెల్‌ఫోన్‌ వెలుతురుతో నడిరోడ్డుపై నిలబడటం మాత్రం తగదు. జాతీయ రహదారుల సంస్థ సహాయ కేంద్రం నంబరు 1033కు ఫోన్‌ చేస్తే గస్తీ వాహనం, క్రేన్‌ పంపే ఏర్పాటు ఉంది. అత్యవసరమైతే 112 ఉండనే ఉంది.

సెల్ఫ్‌ కొడితే ఏం వినిపిస్తోంది?
పరికరాలేవీ లేకున్నా కళ్లు, చెవులతో చాలా సంగతులు తేల్చవచ్చు. కారు లోపలి దీపం వేసి, దాన్నే చూస్తూ సెల్ఫ్‌ కొట్టాలి. దీపం మసకబారి, బానెట్‌ కింద టకటకమని వరుసగా చప్పుడు వస్తే బ్యాటరీలో శక్తి తగ్గిందని భావించాలి. దీపం ప్రకాశవంతంగానే ఉండి, ఒక్కసారి మాత్రమే టక్కుమని ఆగితే అనుమానం సెల్ఫ్‌ మోటారు పైకి మళ్లాలి. సెల్ఫ్‌ కొట్టే ముందు అన్నీ వెలిగి, కొట్టగానే చీకటి పడి, కాసేపటికి తిరిగి వెలుగు వస్తే టెర్మినల్‌ వదులుగా ఉందనడానికి అంతకంటే బలమైన ఆనవాలు లేదు. చిన్న దీపానికి సరిపడే విద్యుత్తు వదులు కీలు గుండా పోగలదు. సెల్ఫ్‌ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్లు పోలేవు.

అసలు ఏమీ వెలగకపోతే హారన్‌, హెడ్‌లైట్లు, డోరు దీపం విడివిడిగా పరీక్షించాలి. తాళంచెవితో నిమిత్తం లేకుండా పనిచేసే దీపాలు వెలుగుతూ, తాళం తిప్పినా డ్యాష్‌బోర్డు మాత్రం నిర్జీవంగా ఉంటే బ్యాటరీని నిందించి ప్రయోజనం లేదు. తాళంచెవి స్విచ్‌ లోపలి కాంటాక్టులు అరిగి ఉండవచ్చు, లేదా దానికి సంబంధించిన ఫ్యూజు పోయి ఉండవచ్చు. తాళాన్ని కొద్దిగా అటూ ఇటూ కదిపితే మీటర్లు వెలిగి ఆరుతుంటే స్విచ్‌దే లోపం. తాళాల గుత్తికి ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బొమ్మ అన్నీ తగిలించి వేలాడదీసే అలవాటు ఈ స్విచ్‌కు చేటు చేస్తుంది.

బటన్‌ నొక్కి స్టార్ట్‌ చేసే కార్లలో మరో చిక్కు ఉంది. రిమోట్‌లోని బొత్తాం సెల్‌ అయిపోతే కారు మొత్తం చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. అలాంటి కార్లు చాలావాటిలో రిమోట్‌ను స్టార్ట్‌ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజిన్‌ మొదలవుతుంది. కొన్నింటిలో ఆనించవలసిన చోటు వేరేగా ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ వివరం ఉంటుంది.

తెల్లటి పొడి.. తెగిన అల్లిక
బానెట్‌ ఎత్తగానే చూడవలసింది బ్యాటరీ బుడిపెలను. వాటి చుట్టూ తెల్లగానో, నీలం కలిసిన పచ్చ రంగులోనో పొడి పేరుకుని ఉంటే అది విద్యుత్తుకు అడ్డుగోడ. బ్యాటరీ నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి లోహాన్ని తినడం వల్ల ఏర్పడే లవణమది. టెర్మినల్‌ క్లిప్పును చేత్తో తిప్పి చూడాలి. ఏమాత్రం కదిలినా బిగించాల్సిందే. పైకి గట్టిగా ఉన్నా లోపలి అంచున నల్లటి పొర కట్టి ఉండవచ్చు. విప్పి గరుకు కాగితంతో రుద్దాలి. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి పోస్తే ఆమ్లం విరిగి నురగ వస్తుంది. ఆ తర్వాత మంచినీటితో కడిగి, ఆరబెట్టి, బిగించి పైన వ్యాజ్‌లైన్‌ పూయాలి. ఆ పొడి చేతికి, కంటికి తగలరాదు.

విప్పేటప్పుడు ముందు రుణ ధ్రువం, బిగించేటప్పుడు చివర రుణ ధ్రువం అన్నది మారని నియమం. ఇది తప్పితే పానా ధన ధ్రువానికీ, బాడీకీ ఒకేసారి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేసి పని మొదలుపెట్టడం మేలు.

బ్యాటరీ, టెర్మినళ్లు బాగున్నా సెల్ఫ్‌ నీరసంగా తిరుగుతుంటే చూపు ఎర్త్‌ వైపు మరలాలి. వానల్లో, బురదలో తిరిగే కార్లకు ఎర్త్‌ తీగ బాడీకి బిగించిన చోట తుప్పు పడుతుంది. గ్యారేజీలో ఇంజిన్‌ దింపి ఎక్కించినప్పుడు ఆ తీగ బిగించడం మరచిపోవడమూ కద్దు. దీనికి రోడ్డు పక్కనే చేయగల పరీక్ష ఉంది. జంపర్‌ కేబుల్‌ ఒక కొనను బ్యాటరీ రుణ ధ్రువానికి, మరో కొనను రంగు లేని ఇంజిన్‌ లోహ భాగానికి తగిలించి సెల్ఫ్‌ కొట్టాలి. ఇంజిన్‌ చురుగ్గా తిరిగితే దోషం ఎర్త్‌దే. మల్టీమీటర్‌ ఉంటే దాని ఒక తీగను బ్యాటరీ రుణ బుడిపెపై, మరొకదాన్ని ఇంజిన్‌ లోహంపై ఉంచి సెల్ఫ్‌ కొట్టినప్పుడు అర వోల్టుకు మించి చూపితే అదే నిర్ధారణ. బాగున్న ఎర్త్‌కు ఆ అంకె 0.2 వోల్టుకు లోపే ఉంటుంది.

మల్టీమీటర్‌ చెప్పే అంకెలు
కొన్ని వందల రూపాయలకే దొరికే మల్టీమీటర్‌ కారు డిక్కీలో ఉండదగిన వస్తువు. దాన్ని నేరుగా వోల్టులు కొలిచే స్థానంలో ఉంచి, బ్యాటరీ బుడిపెల మధ్య చూడాలి. క్లిప్పు మీద కాకుండా బుడిపె మీదే ఆనించాలి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి దిగినట్టు. 12కు తగ్గితే దాదాపు ఖాళీ. సెల్ఫ్‌ కొడుతున్న క్షణంలో ఇది సుమారు 9.6 వోల్టుల కంటే పడిపోకూడదు. చార్జింగ్‌ నిండుగా ఉన్నా అంతకంటే కిందికి జారితే బ్యాటరీ లోపల శక్తి చచ్చిందని అర్థం, అప్పుడు మార్చడం న్యాయం.

ఇంజిన్‌ నడుస్తుండగా అంకె 13.8 నుంచి 14.5 దాకా పెరగాలి. 12 దగ్గరే నిలిచి క్రమంగా తగ్గుతుంటే ఆల్టర్నేటర్‌ పనిచేయడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్‌ అదుపు తప్పింది. బ్యాటరీ ఉడికి, నీరు ఇంకి, బల్బులు తరచూ మాడిపోతాయి. ఇంధనం ఆదా కోసం చార్జింగ్‌ను తగ్గించి పెంచే కొత్త తరం కార్లలో మాత్రం ఈ అంకె మారుతూ ఉంటుంది. వాటిలో హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడాలి.

ఎర్ర దీపం వెలిగితే ఎంత దూరం?
ఆల్టర్నేటర్‌ చెడిపోతే కరెంటు ఒక్క క్షణంలో పోదు. డ్యాష్‌బోర్డుపై బ్యాటరీ గుర్తుతో ఎర్ర దీపం వెలుగుతుంది. చాలామంది దాన్ని బ్యాటరీ బాగాలేదన్న హెచ్చరికగా పొరబడి, ఊరికి చేరాక చూసుకుందామనుకుంటారు. చార్జింగ్‌ ఆగిందని, ఇక మిగిలింది బ్యాటరీలోని నిల్వ మాత్రమేనని దాని సందేశం. చిన్న కార్లలో సాధారణంగా ఉండే 35 ఆంపియర్‌-అవర్‌ బ్యాటరీపై రాత్రి పూట హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, ఇంధన పంపు కలిపి 25 ఆంపియర్ల భారం పడిందనుకుందాం. కాగితం మీద లెక్క గంటన్నర కూడా రాదు. ఆ నిల్వ పూర్తిగా అడుగంటక ముందే ఇంజిన్‌ కంప్యూటర్‌ మొరాయిస్తుంది గనుక వాస్తవంలో ఇంకా తక్కువే. పగటి వేళ సూర్యాపేట దగ్గర దీపం వెలిగితే ఏసీ, పాటలు, ఫోను చార్జర్‌ అన్నీ ఆపేసి, ఎక్కడా ఇంజిన్‌ ఆపకుండా సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని కోదాడ చేరుకునే అవకాశముంది. రాత్రి వేళ ఆ సాహసం కూడదు.

అయితే దీపం వెలగ్గానే ఒకసారి వేడి చూపే ముల్లును గమనించాలి. బెల్టు తెగడం వల్లే చార్జింగ్‌ ఆగి ఉంటే, చాలా కార్లలో నీటి పంపును తిప్పేదీ అదే బెల్టు. అప్పుడు పది నిమిషాల ప్రయాణం కూడా ఇంజిన్‌కు హాని. బెల్టు ఉండీ చార్జింగ్‌ లేకపోతే ఆల్టర్నేటర్‌ లోపలి కార్బన్‌ బ్రష్షులు అరగడం, డయోడ్లు కాలడం, రెగ్యులేటర్‌ పోవడం వంటివి కారణాలు. చాలా సందర్భాల్లో వీటిని విడిగా మార్చవచ్చు. విజయవాడ ఆటోనగర్‌ వంటి చోట్ల ఆల్టర్నేటర్ల మరమ్మతే జీవనంగా ఉన్న దుకాణాలున్నాయి. మొత్తం యూనిట్‌ మార్చాలన్న మాట వినగానే తలూపకుండా ఏ భాగం పోయిందో అడగడం వాహన యజమాని హక్కు.

ఇంజిన్‌ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్‌ పీకి, ఇంజిన్‌ ఆగితే ఆల్టర్నేటర్‌ పోయిందని తేల్చే పాత పద్ధతి ఇప్పటికీ కొందరు మెకానిక్‌ల వద్ద ఉంది. యాంత్రిక పంపుతో నడిచిన పాత డీజిల్‌ ఇంజిన్ల కాలంలో అది చెల్లింది. నేటి కార్లలో బ్యాటరీ అనే ఆనకట్ట తొలగగానే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి కంప్యూటర్‌నే దెబ్బతీయగలదు. కారు యజమాని దగ్గరుండి అడ్డుకోవలసిన పని ఇది.

లారీ బ్యాటరీ వద్దు
రోడ్డుపై ఆగిన కారును చూసి జాలిపడి ఆగేది ఎక్కువగా లారీ డ్రైవర్లే. వారి సాయం వెలకట్టలేనిదే అయినా ఒక్క విషయంలో కాదనాలి. పెద్ద లారీలు, బస్సుల్లో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులతో నడుపుతారు. కారుది 12 వోల్టులే. లారీ నుంచి నేరుగా తీగలు లాగితే కారులోని కంప్యూటర్‌, మీటర్లు, ఎయిర్‌బ్యాగ్‌ వ్యవస్థ క్షణాల్లో మాడిపోవచ్చు. 12 వోల్టుల బ్యాటరీ గల మరో కారు దొరికేదాకా ఆగడమే శ్రేయస్కరం.

మరో కారు దొరికాక ఎర్ర కేబుల్‌ను ముందుగా ఖాళీ అయిన బ్యాటరీ ధన ధ్రువానికి, తర్వాత మంచి బ్యాటరీ ధన ధ్రువానికి తగిలించాలి. నల్ల కేబుల్‌ను మంచి బ్యాటరీ రుణ ధ్రువానికి తగిలించి, చివరి కొనను ఆగిన కారు ఇంజిన్‌ లోహానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. చివరి కలయిక వద్ద రవ్వ రావడం సహజం. బ్యాటరీ నుంచి హైడ్రోజన్‌ వాయువు వెలువడుతుంది గనుక ఆ రవ్వ దాని దగ్గర పుట్టకూడదు. తీసేటప్పుడు ఇదే క్రమాన్ని తిరగేయాలి. ధ్రువాలు తారుమారైతే ప్రధాన ఫ్యూజు కాలడమే అదృష్టం, లేకుంటే ఆల్టర్నేటర్‌ డయోడ్లు పోతాయి. బ్యాటరీలో చార్జింగ్‌ ఉందో లేదో చూసేందుకు రెండు బుడిపెలను పానాతో కలిపి రవ్వ తీయడం పేలుడుకు దారి తీయగల చేష్ట.

తోసి స్టార్ట్‌ చేయడం మాన్యువల్‌ గేర్ల కారులో, బ్యాటరీలో కాస్తయినా ప్రాణం ఉంటేనే సాధ్యం. పూర్తిగా ఖాళీ అయితే ఇంధన పంపు, కంప్యూటర్‌ పనిచేయవు. ఎంత తోసినా శ్రమే మిగులుతుంది. ఆటోమేటిక్‌ గేరు కార్లను తోసి ఫలితం లేదు.

ఫ్యూజుకు బదులు తీగ ముక్క
బ్యాటరీ పక్కనే ఉండే ప్రధాన ఫ్యూజు ఊరికే కాలదు. ఎక్కడో ధన తీగ బాడీకి తగిలి ఉంటుంది. ఆ మూలం తెలియకుండా ఫ్యూజు మార్చినా మళ్లీ కాలుతుంది. విసుగెత్తి ఫ్యూజు స్థానంలో రాగి తీగ ముక్కో, సిగరెట్‌ పెట్టెలోని వెండి కాగితమో చుట్టే వారున్నారు. అలా చేసిన కారులో ఇక కాలేది ఫ్యూజు కాదు, తీగల కట్ట.

ఈ రకం లోపాలకు రెండు మూలాలు తరచూ కనిపిస్తాయి. మొదటిది బయటి దుకాణాల్లో బిగించే అదనపు హంగులు. గట్టి హారన్లు, ఫాగ్‌ లైట్లు, యాంప్లిఫయర్‌ వంటివాటికి రిలే, విడి ఫ్యూజు పెట్టకుండా ఉన్న తీగను గీకి, అక్కడే మరో తీగ చుట్టి టేపు వేస్తారు. ఎండకు టేపు జిగురు కరిగి ఊడిన రోజున సమస్య బయటపడుతుంది. రెండోది ఎలుకలు. ధాన్యం గోదాములు, రైస్‌ మిల్లుల సమీపంలో నిలిపే కార్లకు వీటి బెడద మరీ ఎక్కువ. బానెట్‌ కింద ఊక, గడ్డి, ఎలుక పెంటికలు కనిపిస్తే అన్ని తీగలనూ శ్రద్ధగా చూడాలి.

నిలిపి ఉంచిన కారులోనూ కొద్దిపాటి విద్యుత్తు ఖర్చవుతూనే ఉంటుంది. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే సహజం. జీపీఎస్‌ ట్రాకరో, ఆరని డిక్కీ దీపమో అర ఆంపియరు తాగుతుంటే రోజుకు 12 ఆంపియర్‌-అవర్ల చొప్పున 35 ఆంపియర్‌-అవర్‌ బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఉదయం స్టార్ట్‌ కాని కారు, చార్జింగ్‌ పెడితే రెండు రోజులు బాగుండి మళ్లీ మొరాయిస్తే ఈ దొంగ ఖర్చును పట్టుకోవాలి. మల్టీమీటర్‌ను ఆంపియర్ల స్థానంలో, రుణ ధ్రువానికీ దాని తీగకూ మధ్య కలిపి, తలుపులన్నీ మూసి అరగంట ఆగాలి. తర్వాత ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నట్టు. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్‌ మాత్రం కొట్టరాదు.

చలికి బ్యాటరీలు చస్తాయన్నది చల్లని దేశాల అనుభవం. మన దగ్గర వాటిని చంపేది ఏప్రిల్‌, మే ఎండలు. వేడికి లోపలి నీరు ఆవిరై, పలకలు వేగంగా క్షీణిస్తాయి. మూతలు తీసే వీలున్న రకమైతే వేసవిలో నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్‌ వాటర్‌ మాత్రమే పోయాలి. బోరు నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఆమ్లం పోయడం అంతకంటే తప్పు.

విద్యుత్‌ కార్లకు ఈ బాధ ఉండదనుకోవడం పొరపాటు. వాటిలోనూ తలుపులు, మీటర్లు, కంప్యూటర్లు నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీతోనే. పెద్ద బ్యాటరీలో నిండా చార్జింగ్‌ ఉన్నా చిన్నది పోతే కారు కదలదు. దాన్ని ఎక్కడి నుంచి, ఎలా జంప్‌ చేయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. నారింజ రంగు తొడుగు గల తీగల జోలికి మాత్రం పోకూడదు. వాటిలో ప్రవహించేది వందల వోల్టుల విద్యుత్తు.